తోలు లోపలి వైపు

కీస్ గుర్రం దిగనన్నాడు.

“దిగి కాఫీ తాగు,” అంది లవీనా ప్రాటర్. “నా ఇంటి మీదికి నింద మోసుకొచ్చినవాడికి కూడా ఈ పొయ్యి మీద కాఫీ ఉంటుంది.”

“నేను నిందేమీ వెయ్యలేదు మిసెస్ ప్రాటర్. ఈ కోడె నాది అన్నాను. అంతే.”

“నా ముద్ర ఉన్న కోడె నీదంటే అంతే ఎలా అవుతుంది కీస్?”

కీస్ జీను మీదే సర్దుకుని కూర్చున్నాడు. అతని వెనక జీతగాడు డన్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు ఆ చివర ఉన్న ఎర్ర కోడె మాత్రం, ఈ రభస తనకేమీ పట్టనట్టు, కంచె వార ఎండుగడ్డి పీక్కుని నములుతోంది.

తెల్లవారుతూనే నన్ను ఊళ్ళోంచి పిలిపించింది ఈ కోడె కోసమే. కీస్ మనిషి వచ్చి తలుపు తట్టాడు. అతనితో మాట్లాడుతుండగానే లవీనా కబురు కూడా వచ్చింది. ఇద్దరూ కోరింది హిరామ్ బెక్‌నే, అంటే నన్నే. ఒకే బేరానికి రెండు వైపుల నుంచీ పిలుపొస్తే వర్తకుడు సంతోషించాలి. ఆ రోజు నాకు సంతోషం కలగలేదు.

మా లోయలో ముద్ర తగాదా, అంటే గొడ్డు తొడ మీద కాల్చిన గుర్తు ఎవరిదన్న తగాదా, తీరే దారి ఒకటే. గొడ్డును కోస్తారు. తోలు ఒలిచి, బోర్లా పరిచి, మాంసం అంటుకునే వైపు చూస్తారు. బొచ్చు వైపు నుంచి చూస్తే పాత కాలుపూ కొత్త కాలుపూ కలిసిపోయి ఒకే ముద్రలా ఉంటాయి. లోపలి వైపు అలా కలవవు. పాతది పాతదిగానే, తర్వాత గీసింది తర్వాతదిగానే కనిపిస్తుంది. చూసి చెప్పేవాడు రెండిళ్ళకీ చుట్టం కాకూడదు. తోళ్ళు కొనేవాడైతే మరీ మంచిది. నేను దుకాణం నడుపుతూ తోళ్ళు కొని బతికేవాణ్ణి. పైన బొచ్చు చూసి ధర కట్టేవాడు ఏడాది తిరక్కుండా దుకాణం మూసుకుంటాడు.

కీస్ మంద ముద్ర ఒక అడ్డగీత, దాని మీద బోర్లించిన అరచందమామ. ప్రాటర్లది చక్రం, మధ్యలో అడ్డగీత. కీస్ గీత కింద ఇంకో అరచందమామ గీస్తే అది ప్రాటర్ల చక్రమైపోతుంది. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ ఒకటి, కాసేపు ఎవరూ చూడని చోటు ఒకటి. అంతకు మించి పెట్టుబడి అక్కర్లేదు. ఈ సంగతి లోయలో అందరికీ తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా ఎవరి నోటా ఆ మాట రాలేదంటే దానికి కారణం లవీనా.

ఆమె వయోమింగ్‌లో మా లోయకి వచ్చినప్పుడు ఈ వాగు పక్కన బండి చక్రం విరిగింది. మొగుడు మైలో ఇంకా పడమటికి పోదామన్నాడట. గడ్డి ఇక్కడే ఉంటే ఇంకా ఎక్కడికి పోవడం అందట ఈమె. విరిగిన చక్రం ఇనుప పట్టీని కొలిమిలో పెట్టి కొట్టించి ముద్ర ఇనుము చేయించింది. మూడో ఏట గుర్రం మీద పడటంతో మైలో చచ్చిపోయాడు. అప్పటినుంచీ కొడుకు ఓరిన్‌ని జీను ముందు కూర్చోబెట్టుకుని మందను ఆమే కాసింది. ఆ ఇనుము ఇప్పటికీ వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడుతుంది. లోయలో కొందరికి బ్యాంకు మీద ఉన్నంత నమ్మకం ఆ మేకు మీద ఉంది.

ఇంకొకటి కూడా అందరికీ తెలుసు. కింది రేవు దగ్గర కాటన్‌వుడ్ చెట్టుకి కిందటేడు ఒకణ్ణి వేలాడదీశారు. అతని దగ్గర దొరికినవి ముద్ర మార్చిన రెండు దూడలు. ఓరిన్‌కి ఇరవయ్యారేళ్ళు. పెళ్ళాం ఆల్మాకి ఏడో నెల.

అందుకే ఓరిన్ నోరు విప్పినప్పుడు అందరం అటు తిరిగాం.

“ఒక్క గొడ్డు కోసం ఇంత గొడవెందుకమ్మా?” అన్నాడు. దొడ్డి గేటుకి ఆనుకుని, టోపీ అంచు నలుపుతున్నాడు. “తీసుకుపోనీ. కీస్ గారు పొరపాటు పడ్డారు. పోనిద్దాం. చలికాలం ముందు మంచి గొడ్డును కొయ్యడం దండగ.”

“దానం పట్టడానికి రాలేదబ్బాయ్,” అన్నాడు కీస్.

“దానం కాదు. ఇరుగుపొరుగు.”

“వాగులో మునిగిన పెయ్య కోసం మీ అమ్మ నా మీదికి తుపాకీ తీసుకొచ్చిన ఇల్లిది. ఇరుగుపొరుగంటే ఈ ఇంట్లో ఏమిటో నాకు తెలుసు.”

లవీనా కొడుకు వైపు చూసింది. ఎక్కువసేపు చూడలేదు. కాని నేను ఆ చూపును చూశాను. ఎవడు దేన్ని ఎందుకు ఊరికే ఇచ్చేస్తానంటున్నాడో కనిపెట్టడం నా వృత్తి. బేరం తెలిసిన వాళ్ళలో లవీనా నాకేమీ తీసిపోదు.

“కోస్తాం,” అంది. “కాని ఖాళీ కడుపుతో కొయ్యం. లోపలికి రండి.”

అప్పుడు దిగాడు కీస్.

*

బల్ల మీద చిక్కుడు గింజలు, ఉప్పుమాంసం, వేడి రొట్టెలు, ఎండిన ఆపిల్ ముక్కలు ఉడికించిన గిన్నె. ఇంటికొచ్చినవాడు శత్రువైనా సరే, తిండి పెట్టకుండా పంపితే ఆ ఇంటి పరువు పోయినట్టే మాకు. తిండి తిన్నాక శత్రుత్వం పోతుందని మాత్రం ఎవరూ అనుకోరు.

డన్ మాంసం ముక్క నోట్లో పెట్టుకుని నవ్వాడు. “సొంత గొడ్డు మాంసం రుచి చూడాలంటే ఈ లోయలో పక్కింటికి భోజనానికి పోవాలంటారు.”

ఇరుగుపొరుగు గొడ్ల దొంగతనం మీద మందలు కాసే ప్రతివాడూ చెప్పే పాత హాస్యమే అది. ఏ మామూలు రోజునైనా అందరం నవ్వేవాళ్ళం. ఆ రోజు గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. కీస్ తలెత్తకుండానే, “తిను డన్,” అన్నాడు.

“అది పందిమాంసం,” అంది లవీనా. “పందికి మేం ముద్ర వెయ్యం. భయపడకుండా తిను.”

ఆల్మా కాఫీ పోస్తూ బల్ల మీద ఒలకబోసింది. ఓరిన్ కప్పు నిండిపోయినా పోస్తూనే ఉంది. లవీనా లేచి ఆమె చేతిలోంచి కూజా తీసుకుంది.

“నువ్వు కూర్చో.”

“నాకేం కాలేదు.”

“నీకేమైందని నేననలేదు. కూర్చో అన్నాను.”

ఆల్మా కూర్చోలేదు. సామాన్ల గదిలోకి పోయింది. లవీనా వెనకే వెళ్ళింది. ఆ గదికి తలుపు లేదు, తెర మాత్రమే. నేను కూర్చున్న కుర్చీ తెర పక్కనే. కీస్‌కీ డన్‌కీ వినపడనిది నాకు వినపడింది.

“అత్తయ్యా, కోడెనిచ్చెయ్యండి.”

“ఇస్తే ఒప్పుకున్నట్టు.”

“పొమ్మనండి. రేపు రమ్మనండి. ఏదో ఒకటి చెప్పండి.”

“ఎందుకు?”

తెర వెనక ఆల్మా ఏదో జాడీ జరిపిన చప్పుడైంది.

“మీ నాన్న హోటల్లో పక్కలు మార్చినట్టు కాదు ఇది,” అంది లవీనా. “రాత్రికొకడు పడుకుని పోయేది కాదు. నా మొగుడు ఆ చక్రం ముద్ర మందను కాస్తూ చచ్చాడు. నా పేరు మీద ఎవడో వేలు పెట్టాడు. అది తీసేదాకా నాకు రేపు లేదు.”

“మీకు పేరు. నాకు మొగుడు.”

“మొగుడికి భయమేముంది? తోలు శుభ్రంగా ఉంటే.”

ఆ చివరి మాట ప్రశ్నలా పలికింది. కాసేపయ్యాక లవీనా బయటికొచ్చి, గోడకున్న ఒరలోంచి తోలు కత్తి తీసి, బొటనవేలి మీద పదును చూసుకుంది.

“తిన్నారుగా,” అంది. “పదండి.”

*

పద్ధతి ప్రకారం ఒక పక్క ఈ ఇంటివాడు, ఇంకో పక్క ఆ ఇంటివాడు ఒలవాలి. అప్పుడే ఎవరూ ఏ మోసమూ చేశారనరు. డన్ ఒక్క గుండుతో కోడెను పడగొట్టాడు. గొంతు కోసి నెత్తురు పోనిచ్చాక కీస్ తల ఊపాడు. ఓరిన్ కత్తి కోసం చెయ్యి చాపాడు.

అందుకున్న కత్తి వేళ్ళ మధ్యలోంచి జారి గడ్డిలో పడింది.

“చలిగా ఉందా?” అంది లవీనా.

“కొంచెం.”

“నీకు చలేస్తోంది. నాకు వెయ్యడం లేదు. నేనే ఒలుస్తాను.”

యాభయ్యేడేళ్ళ ఆడమనిషి గౌను అంచు నడుముకి దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ తుంటి వంగదు ఆమెకి. నొప్పి పెదవి కింద అదిమి పెట్టుకుని కూర్చుంది. ఆ పక్క డన్. ఇద్దరి కత్తులూ ఒకే వేగంతో నడిచాయి. ముద్ర ఉన్న ఎడమ తొడ ఆమె వైపు పడింది. అక్కడికి రాగానే ఆమె కత్తి పక్కన పెట్టి, పిడికిలితో నెమ్మదిగా తోలును మాంసం మీంచి విడదీసింది. కత్తి జారితే ముద్ర చెడుతుంది. చెడితే తీర్పు లేదు. ఆ ఇంటి మీద ఎన్నటికీ తీరని అనుమానం మిగిలిపోతుంది. ఆమెకి కావాలంటే ఆ కత్తి జారేది. జారలేదు.

నేను చూస్తున్నది ఆమె చేతుల్నే. మధ్యలో ఒకసారి ఆమె తలెత్తింది. తోలు వైపు కాదు, గేటు దగ్గరున్న కొడుకు వైపు. నేనూ అటు చూశాను. ఓరిన్ మొహం చల్లారిన బూడిదలా ఉంది.

తోలును గడ్డి మీద బోర్లా పరిచారు. ఇంకా వెచ్చగా ఆవిరి కక్కుతోంది. నేను టోపీ తీసి కింద పెట్టి వంగాను.

తడి తోలు మీద ముద్ర నెమ్మదిగా తేలుతుంది. తొందరపడేవాడికి కనపడదు. కొవ్వు పొరను గోటితో గీకాను. ముందు అడ్డగీత వచ్చింది, తెల్లగా, గట్టిపడి. దాని మీద పై సగం వచ్చింది. అదీ అలాగే తెల్లగా, అంతే గట్టిగా. ఇక కింది సగం. తర్వాత కాల్చిందైతే అది ఇంకో రంగులో, ఇంకో లోతులో ఉంటుంది. రెండూ కలిసేచోట ముడి పడుతుంది. అరచేత్తో నిమిరాను. వేలు ఎక్కడా ఆగలేదు. చక్రం చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది.

“ఒకే మంట,” అన్నాను. “ఒకే రోజు. ఇది పుట్టినప్పటినుంచీ ప్రాటర్ల గొడ్డే.”

కీస్ మోకాలేసి కూర్చుని తన బొటనవేలితో తనే చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. డన్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

అంతలో ఓరిన్ నవ్వాడు.

పెద్ద నవ్వేమీ కాదు. ఊపిరితో పాటు జారిపోయింది. కాని ఆ నవ్వు నేను పేకబల్లల దగ్గర విన్నాను. చేతిలో ఏముందో చూసుకోకుండా ఉన్నదంతా ఒడ్డి, ముక్క తిప్పాక బతికిపోయినవాడి నవ్వది. నిజం తన వైపుందని ముందే తెలిసినవాడు అలా నవ్వడు. వాడికి కోపమొస్తుంది.

లవీనా ఆ నవ్వు విని కళ్ళు మూసుకుంది.

కీస్ లేచి టోపీ తీశాడు. నెరిసిన జుట్టు చెమటకి అతుక్కుపోయి ఉంది. అహంకారి అయినా మాట మీద నిలబడే మనిషి. “మిసెస్ ప్రాటర్, తప్పు నాది. బెక్ సాక్షిగా చెబుతున్నాను. రేపు నా మందలోంచి మీకు నచ్చిన గొడ్డు తీసుకోండి. చక్రం ముద్ర మీద ఇంకెవరు మాట జారినా ముందు నాకు జవాబు చెప్పాలి.”

చెయ్యి చాపాడు.

లవీనా తన చేతులకేసి చూసుకుంది. మోచేతుల దాకా నెత్తురు. “ఇప్పుడు కాదు కీస్. చేతులు మురికిగా ఉన్నాయి.”

“నాకు పట్టింపు లేదు.”

“నాకుంది.”

కీస్ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత దాంతోనే టోపీ పెట్టుకున్నాడు. గుర్రాలు గేటు దాటి వాగు దారి పట్టాయి.

*

లవీనా బాల్చీలో చేతులు కడుక్కుంది. నీళ్ళు ఎర్రబడితే పారబోసి మళ్ళీ తోడుకుంది. ఓరిన్ ఈల వేస్తూ కోడె కాళ్ళకి తాడు కడుతున్నాడు, మాంసం వేలాడదీయడానికి.

“ఎన్ని?” అంది.

ఈల ఆగింది. “ఏవెన్ని?”

“అది కీస్‌ది కాదని నీకు తెలీదు. ఏది కీస్‌దో నీకు తెలీదు. అంటే మందలో ఉన్నాయి. ఎన్ని?”

“అమ్మా, హిరామ్ మామ ఇప్పుడే చెప్పాడుగా. నీ ముందే.”

“ఆయన తోలు గురించి చెప్పాడు. నేను నీ గురించి అడుగుతున్నాను.”

“నీకు నేనంటే ఎప్పుడూ నమ్మకం లేదు.”

“ఇవాళ పొద్దున కీస్ గేటు ముందు నిలబడేదాకా ఉంది.” చేతులు విదిలించుకుని నా వైపు తిరిగింది. “హిరామ్, కిందటేటికి ముందేడు మంచు తుఫాను వచ్చిందే. ఆ వసంతంలో లోయంతా నీకు చచ్చిన గొడ్ల తోళ్ళు తెచ్చి పోశారు. నా ఇంటి నుంచి ఎన్నొచ్చాయి?”

వర్తకుడికి జ్ఞాపకం ఆస్తి. ఆ క్షణంలో మాత్రం అది నాకు భారమే అయింది.

“ఏమీ రాలేదు లవీనా.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ రాలేదు. ఆ తుఫానులో ఒక్క దూడా పోగొట్టుకోనిది ఓరిన్ ఒక్కడే అని నా దుకాణంలో అందరూ మెచ్చుకున్నారు.”

“నేనూ మెచ్చుకున్నాను,” అంది లవీనా. “ఆ క్రిస్మస్‌కి మైలో జీను నీకిచ్చాను. గుర్తుందా ఓరిన్?”

ఓరిన్ తాడు వదిలేశాడు. కోడె కాలు ధబ్బున నేల మీద పడింది.

వరండా మెట్ల మీంచి ఆల్మా గొంతు వినపడింది. “ఆ రాత్రి ఈయన నా దగ్గరున్నారు.”

“ఆల్మా, నువ్వు లోపలికెళ్ళు.”

“వెళ్ళను. నేనే ఉండమన్నాను. మా నాన్న హోటల్లో నాట్యం ఉంది. మబ్బు పట్టింది, పోవాలి, దూడల్ని గండిలోంచి పైకి తోలాలన్నారు ఈయన. ఇంకొక్క పాట అన్నాను.” ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. “పొద్దున్న తలుపు తెరిస్తే మంచు కిటికీ దాకా ఉంది.”

“గండిలోనే కూరుకుపోయాయి,” అన్నాడు ఓరిన్. గొంతు మారిపోయింది. చిన్నప్పుడు నా దుకాణంలో మిఠాయి జాడీ పగలగొట్టి నిలబడ్డప్పటి గొంతు. “ఏడు. ఒకదాని మీద ఒకటి. నిలబడే చచ్చిపోయాయి. గుంట తీసి పూడ్చాను. తుఫానుకి కీస్ దూడలు ఇటు కొట్టుకొచ్చాయి, మన కంచె దగ్గర మూలుగుతూ. ఏడు ఏరుకున్నాను.”

“గీశావు.”

“గీశాను. చలికాలం బొచ్చు పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ కనపడలేదు. వసంతానికి మానింది. అంత బాగా గీశానమ్మా, ఇప్పుడు ఏది మనదో ఏది కీస్‌దో నాకే తెలీదు.”

“నా దగ్గరికొచ్చి చెప్పాల్సింది.”

ఓరిన్ మొదటిసారి తలెత్తి తల్లి మొహంలోకి చూశాడు.

“నీ దగ్గరికా? ప్రతి వసంతం గేటు దగ్గర నిలబడి లెక్కపెడతావు. ఒకటి తగ్గితే వారం రోజులు బల్ల దగ్గర మాట్లాడవు. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక పెయ్య వాగులో పోతే, ఆ ఏడాదంతా నా కంచం పక్కన ఖాళీ కంచం పెట్టించావు, గుర్తుండాలని. ఏడు పోయాయని నీకెలా చెప్పనమ్మా? ఏడు కంచాలు పెట్టేదానివా?”

కంచాల సంగతి నేనెరుగుదును. ఆ ఏడు వాళ్ళింట భోంచేసిన ఒక రోజు ఆ ఖాళీ కంచం చూసి, ఎవరో చుట్టం రావాలేమో అనుకున్నాను. ఆమె పెంపకం గట్టిదని లోయంతా అంటుంది. గట్టి సరుకుకి ధరెక్కువ. ఆ ధర ఎవరు కడుతున్నారో ఆమె ఆ పెరట్లో, చచ్చిన కోడె పక్కన నిలబడి మొదటిసారి చూసింది.

లవీనా నా వైపు తిరిగింది. “హిరామ్, కీస్ ఇంకా వాగు దాటి ఉండడు. వెనక్కి పిలుచుకురా.”

“అమ్మా.”

“అత్తయ్యా, ఉరి తీస్తారు.” ఆల్మా మెట్లు దిగి వచ్చి నా గుర్రం కళ్ళెం పట్టుకుంది. బలమైన పట్టు కాదు. కాని ఏడో నెల ఆడమనిషి చేతిలోంచి కళ్ళెం గుంజుకోవడం నా చేతనయ్యే పని కాదు.

నాకు తోచిన బేరం నేను చెప్పాను. “లవీనా, విను. ఇవాళ తోలు నీ ఇంటి తప్పేమీ లేదంది. కీస్ టోపీ తీసి మాటిచ్చాడు. ఏడు కోడెల్ని వచ్చే నెల చీకట్లో వాగు అవతలికి తోలేస్తే అతని సొమ్ము అతనికి చేరుతుంది. ఎవరూ చావరు.”

“ఏ ఏడింటిని?”

“ఏవో ఏడు. నీవే ఏడు.”

“నా చక్రం ముద్ర ఉన్న కోడెలు కీస్ మందలో తిరుగుతూ ఎవరికైనా కనపడితే, అప్పుడు ఆ చెట్టుకి వేలాడేది ఎవరు హిరామ్?”

నేనా లెక్క వెయ్యలేదు. ఆమె వేసింది.

“అతను నా పెరట్లో టోపీ తీశాడు,” అంది. “తప్పు తనదన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ మాట అతని మీద మోపి నేను రాత్రికి రొట్టె తినలేను.”

“నన్ను ఉరికి అప్పజెప్పి తినగలవా?” అన్నాడు ఓరిన్.

ఆమె కొడుకు దగ్గరికి నడిచింది. కొడుతుందేమో అనుకున్నాను. అతని చొక్కా కాలర్ మడత పడి ఉంటే సరిచేసింది. ఆ తడి చేతి మరక కాలర్ మీద మిగిలింది.

“కీస్‌తో నేను మాట్లాడతాను. మందలో సగం ఇస్తానంటాను. చాలకపోతే అంతా ఇస్తానంటాను. ఇనుము కూడా ఇస్తాను. నీ మెడ ఒక్కటీ అడుక్కుంటాను. జీవితంలో ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎలా అడగాలో కూడా తెలీదు. కాని నువ్వు నా పక్కన నిలబడి చెప్పాలి. నా నోటితో చెబితే అది నీ తల్లి చెప్పింది అవుతుంది. నువ్వు చెప్పింది కాదు.”

“ఒప్పుకోకపోతే?”

“తెలీదు.”

లవీనా ప్రాటర్ నోట ఆ మాట నేను ఇరవయ్యేళ్ళలో వినలేదు.

వంటింట్లోకి పోయి మేకు మీంచి ముద్ర ఇనుము తీసుకుంది. దాన్ని చేతికర్రలా నేలకి ఆనించుకుంటూ గేటు దాటింది. వంగని తుంటితో గుర్రమెక్కడం ఆమె మానేసి రెండేళ్ళయింది. బండి కట్టమని ఎవర్నీ అడగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను గుర్రం ఇస్తానని పిలిచాను. “ఎక్కలేనివాళ్ళకి గుర్రమెందుకు?” అని నడుస్తూనే అంది.

ఓరిన్ కొట్టంలోకి వెళ్ళాడు. బయటికి వచ్చేటప్పటికి గుర్రం మీద తండ్రి జీను ఉంది.

మా లోయలో ఆ గేటు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వాగు, అవతల కీస్ ఇల్లు. కుడికి కొండ కనుమ. అది దాటితే మొంటానా, అక్కడ చక్రం అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఆల్మా నా కళ్ళెం వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో మూట ఉంది. రొట్టెలు, ఉప్పుమాంసం, పైన దుప్పటి చుట్టి తాడు కట్టింది. వాగు దాకా పోయేవాడికి దుప్పటి అక్కర్లేదు.

“కనుమలో ఇంకా మంచు పడలేదు,” అంది. “సాయంత్రానికి అవతల ఉంటారు. బిడ్డ పుట్టాక నేనొస్తాను.”

ఓరిన్ మూట వైపు చూశాడు. ఎడమ దారిన అప్పటికే చిన్నదైపోయిన ఆకారం వైపు చూశాడు. ఇనుము ఆనించి, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేస్తోంది. వాగు దగ్గర కీస్ గుర్రాలు నీళ్ళు తాగుతున్నాయి. డన్ ఆమెను చూసి కీస్ భుజం తట్టి చూపిస్తున్నాడు.

ఓరిన్ వంగి మూట అందుకున్నాడు.

జీను ముందు పెట్టుకున్నాడు, సరిగ్గా ఒకప్పుడు తల్లి ముందు తను కూర్చున్న చోట. కళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. గేటు మధ్యలో గుర్రం ఆగింది. చెవులు అటూ ఇటూ ఆడిస్తూ, మీద కూర్చున్నవాడు ఏ వైపు లాగుతాడో అని ఎదురుచూస్తోంది.